అర నిమిషం ఆదాము

గురువారం పొద్దున్నే ఆదాము వేసుకున్న ప్లాను చాలా తేలికైనది. డ్యూటీకి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రావాలి. జుట్టు కత్తిరించుకోవాలి. మర్నాడు శుక్రవారం జల్లాఖ్ సముద్రతీరంలో తెలుగు సహవాసం వారి ఆరాధన, ఆ తర్వాత ఆదాము ప్రసంగం, ఆ తర్వాత బిర్యానీ. ప్రసంగం పేరు "యంత్రయుగంలో విశ్వాసి". ఈ మధ్యలో ఎప్పుడో బొంబాయి నుంచి బావమరిది మార్కు ఫోన్ చేసి, ఆదాము భార్య లూర్దుమేరి ఏ విమానంలో దిగుతుందో చెబుతాడు. ఆ కబురు అందుకోవడానికి ఆదాము ఇంట్లో ఉండాల్సిన పనిలేదు. కిటుకంతా అక్కడే ఉందని అతని నమ్మకం.

నయీమ్‌లో అతని అద్దెగదిలో, ఫోను పక్కన, బూడిదరంగు పెట్టె ఒకటి కొత్తగా చేరింది. గల్ఫులో, మనామా పట్నంలో ఎలక్ట్రానిక్ సామాను దిగుమతి చేసుకునే కంపెనీలో ఆదాము స్టోర్ కీపరు. ఓడ వచ్చినప్పుడల్లా పిలవడానికి వీలుగా కంపెనీవాళ్ళే అతని గదికి ఫోను పెట్టించారు. ఈ మధ్య కఫీలు, అంటే అతనికి వీసా ఇచ్చిన కంపెనీ యజమాని, జపాను నుంచి ఆన్సరింగ్ మిషన్లు తెప్పించి, "వాడి చూసి ఎలా ఉందో చెప్పు" అని ఒకటి ఆదాము చేతిలో పెట్టాడు. మనిషి లేనప్పుడు ఫోను మోగితే మిషనే ఎత్తుతుంది. యజమాని గొంతుతో రెండు ముక్కలు చెప్పి కూత పెడుతుంది. అవతలివాళ్ళు చెప్పేదాన్ని అర నిమిషంపాటు క్యాసెట్టులో దాచుకుని, మళ్ళీ ఒక కూత పెట్టి లైను తెంచేస్తుంది.

ఆదాముకు అభిప్రాయాల కొరత ఏనాడూ లేదు. ఇంగ్లీషు పేపర్లో కంప్యూటర్ల గురించో రోబోల గురించో ఒక వార్త కనబడితే చాలు, దాన్ని కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకుని, సాయంత్రం దాకా ఎదురుపడిన ప్రతివాడికీ దాని మంచిచెడ్డలు విప్పి చెప్పేవాడు. బ్యాంకుల్లో గుమాస్తాలుండే రోజులు పోయాయన్నాడు. ఉత్తరాలు రాసేవాళ్ళు మిగలరన్నాడు. వంటవాళ్ళు కూడా మిగలరన్నప్పుడు మాత్రం, పక్కగదిలో ఉంటూ హోటల్లో వంట చేసే ప్రేమయ్య అతనికి కొన్నాళ్ళపాటు కూర పెట్టడం మానేశాడు.

ఈ మిషను గురించి పోయిన శుక్రవారమే సహవాసంలో పెద్ద వాదన జరిగింది. ఎదురు నిలబడింది రూతమ్మ. మనామాలో ఒక ఇంగ్లీషు డాక్టరుగారింట్లో వంట, పిల్లలు, ఫోను, అన్నీ ఆవిడ చేతిమీదే నడుస్తాయి. వయసులో పెద్దది, నోరూ పెద్దదే.

"తమ్ముడూ, మా దొరగారింట్లో ఫోనెత్తి కబుర్లందుకునేదాన్ని నేను. రేపు ఆ పెట్టె వస్తే నేనేం చెయ్యాలి?"

"హాయిగా ఖాళీగా ఉండొచ్చక్కా. మిషన్లున్నది అందుకే."

"ఖాళీగా ఉన్నదానికి జీతమెవడిస్తాడు?"

ఈ ప్రశ్న ఆదాముకు పేపర్లో ఎక్కడా తగల్లేదు. అందుకని దారి మార్చాడు. "అది కాదక్కా, అసలు మనవాళ్ళకి మాట్లాడ్డం తెలీదు. విషయానికి రాకముందు ఊరందరి క్షేమం అడుగుతారు. ఈ మిషను అర నిమిషమే ఇస్తుంది. చచ్చినట్టు విషయానికొస్తారు. సమాజం బాగుపడుతుంది."

"క్షేమం అడక్కుండా విషయానికొచ్చేవాడు పోలీసోడు," అంది రూతమ్మ. ఆ మాటకు సహవాసమంతా నవ్వింది. ఆ నవ్వుకు జవాబుగానే ఆదాము ప్రసంగం తయారు చేసుకోవడం మొదలుపెట్టాడు.

నాలుగేళ్ళు కఫీలు చుట్టూ తిరగగా తిరగగా లూర్దుమేరికి వీసా వచ్చింది. వచ్చిన రోజునే ఆదాము గదికి సున్నం వేయించాడు. కొత్త దుప్పట్లు, ఆమె ఎత్తుకు సరిపడే అద్దం, ఆమెకిష్టమైన ఆకుపచ్చరంగు తెర కొన్నాడు. లోకంలోని సమస్త విషయాల మీదా అభిప్రాయం చెప్పే ఆ మనిషి, పెళ్ళాం కోసం తనెంత ఎదురుచూస్తున్నాడో మాత్రం ఎవరితోనూ అనలేదు.

గురువారం మధ్యాహ్నం అతను గదికి వచ్చేసరికి పెట్టె మీద ఎర్రదీపం మిణుకుమంటోంది. వెంటనే ప్రేమయ్యను కేకేశాడు. యంత్రం గొప్పతనాన్ని చూడ్డానికి సాక్షి ఉండాలి కదా.

"చూడు ప్రేమయ్యా. నేనెక్కడో మనామాలో డ్యూటీలో ఉన్నా. బావమరిది ఎక్కడో బొంబాయిలో ఉన్నాడు. అయినా కబురు వచ్చి కూర్చుంది." మీట నొక్కాడు.

"వందనాలు బావగారూ! నేను, మార్కుని. బాగున్నారా? ఒంట్లో బాగుంటోందా? దేవుని కృపవల్ల ఇక్కడ మేమందరం క్షేమం. అమ్మకి మోకాళ్ళనొప్పులు తగ్గాయండి. మీరు పంపిన తైలం బాగా పనిచేసింది. పెద్దన్నయ్య మిమ్మల్ని మరీ మరీ అడిగానని చెప్పమన్నాడు. బొంబాయిలో ఒకటే వానలు. అక్కడ ఎండలెలా ఉన్నాయి? వేళకి తింటున్నారా? సరే, ఇంతకీ ఫోనెందుకు చేశానంటే—"

కూత. లైను తెగింది.

ఆదాము క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. రెండోసారి కూడా మార్కు అక్కడికే వచ్చి ఆగిపోయాడు. ఇంకో మనిషైతే ఈపాటికి కంగారు పడేవాడు. ఆదాము కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించి, కాసేపటికి చిరునవ్వు నవ్వాడు.

"టిక్కెట్టు దొరికుండదు," అని తేల్చేశాడు. "అక్కని విమానం ఎక్కించబోయేవాడు మోకాళ్ళ సంగతి, వానల సంగతి మాట్లాడతాడా? గొంతులో తొందరుండాలి. ఎక్కడైనా తొందరుందా?"

"మరి ఎందుకు చేశాడో చెప్పబోయాడుగా అన్నా?"

"ముఖ్యమైందైతే మొదటే చెప్పేవాడు."

"మనవైపు ముఖ్యమైంది మొదట ఎవరు చెబుతారన్నా?" అని ప్రేమయ్య గొణిగాడు. "ఎందుకైనా మంచిది, రేపు జల్లాఖ్ మానేసి ఇంటి దగ్గరే ఉండరాదూ?"

"నేను ఇంట్లో కూర్చుంటే ఇంక మిషనెందుకు ప్రేమయ్యా?" అన్నాడు ఆదాము. జేబులోంచి అగ్గిపెట్టెంత పరికరం ఒకటి తీసి చూపించాడు. లోకంలో ఎక్కడి నుంచైనా సరే తన నంబరుకు ఫోన్ చేసి, ఈ బుల్లి పరికరాన్ని రిసీవరుకు ఆనించి నొక్కితే, ఇంట్లో ఉన్న మిషను తను కొత్తగా దాచుకున్న మాటలన్నీ ఫోనులోనే వినిపిస్తుందని వివరించాడు. "రేపు ప్రసంగం చివర అందరి ముందూ ఇది చేసి చూపిస్తా. రూతక్క నోరు మూతపడాలి."

తర్వాత తెలిసిన సంగతేమిటంటే, బొంబాయిలో మార్కు లైను తెగిందని గ్రహించలేదు. విమానం పేరు, బయలుదేరే వేళ, దిగే వేళ అన్నీ చచ్చిన ఫోనుకు పూసగుచ్చినట్టు చెప్పి వచ్చాడు. "బావగారెంత మర్యాదస్తులక్కా! నేను చెప్పినంతసేపూ మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు," అని అక్కకు ధైర్యం చెప్పి, శుక్రవారం తెల్లవారగానే విమానం ఎక్కించాడు.

శుక్రవారం జల్లాఖ్‌లో ఎండ దయగానే ఉంది. సముద్రం ఒడ్డున పందిరి కింద పాటలు పాడారు, ప్రార్థన చేశారు. పక్కన మూడురాళ్ళ పొయ్యి మీద ప్రేమయ్య బిర్యానీకి దమ్ము పెట్టాడు. డాక్టరుగారింటికి చుట్టాలు రావడంతో రూతమ్మకు సెలవు దొరకలేదు. ఆవిడ లేని లోటు ఆదాముకు బాగా తెలిసింది. ఓడిపోయేవాళ్ళు ఎదురుగా లేకపోతే గెలుపులో పస ఏముంటుంది? అయినా ప్రసంగం మాత్రం దంచేశాడు.

"ఇక దూరమన్నది లేదు సహోదరులారా! భార్య ఒకచోట, భర్త ఒకచోట ఉన్నా మాటకి అడ్డు లేదు. యంత్రం మనిషిలా అలిసిపోదు, విసుక్కోదు, మర్చిపోదు. రండి, మీ చెవులతో మీరే వినండి."

ఒడ్డున టీకొట్టు ముందు చిల్లర వేసి మాట్లాడే ఫోను ఉంది. ఆదాము ముందు నడిచాడు. సహవాసమంతా వెనకాల నడిచింది. అతను నంబరు తిప్పి, బుల్లి పరికరం నొక్కి, రిసీవరును అందరికీ వినబడేలా బయటికి తిప్పి పట్టుకున్నాడు. గరగరమని చప్పుడొచ్చి, ఒక ఆడగొంతు మొదలైంది.

"ఏవండీ! నేనండీ, లూర్దుని. దిగాను. వీసా చూపించి బయటికి కూడా వచ్చేశాను, మీరేరీ? హలో? ఇంట్లో లేనంటారేంటండీ, మాట్లాడుతున్నది మీరే కదా! ఏవండీ... పలకరేం? హలో?" కూత.

ఆదాము రిసీవరు పెట్టేద్దామనుకున్నాడు గానీ చెయ్యి ఆడలేదు. మిషను మాత్రం అలిసిపోలేదు, విసుక్కోలేదు.

"మళ్ళీ అదే మాట! మీ గొంతు నేను మర్చిపోయాననుకున్నారా? ఆ మొదట్లో దగ్గు కూడా మీదే. ఎవరో పాపం చిల్లరిస్తే చేస్తున్నా. ఇంట్లో ఉండి లేనని అప్పులోళ్ళకి చెబుతారు. కట్టుకున్నదానికి చెబుతారా?" కూత.

జనం ఇంకొంచెం దగ్గరికి జరిగారు. వెనకున్నవాళ్ళకు ముందున్నవాళ్ళు అందిస్తున్నారు.

"మీ మాటవ్వగానే పక్కన కూత పెట్టేదెవరండీ? ఇందాకట్నుంచి వింటున్నా. ఆడమనిషి కూతలా ఉంది. నేను నోరు తెరిచి నాలుగు ముక్కలు మాట్లాడేసరికి మళ్ళీ కూత పెట్టి ఫోన్ పెట్టేయిస్తోంది. ఎవరది? నాలుగేళ్ళ నుంచీ ఈ కూతేనా మీకు తోడు?" కూత.

"ఎవరన్నయ్యా అది?" అంది ముందు నిలబడ్డ సుందరి. ఆమె గాయకబృందంలో పాడుతుంది, గొంతు కాస్త గట్టిది.

"మిషను సిస్టర్, మిషను! మీకందరికీ తెలుసుగా!"

"మాకు తెలుసు. ఆవిడకి తెలీదుగా."

ఆఖరి కబురు చాలా చిన్నది. ఈసారి లూర్దుమేరి గొంతులో కోపం లేదు. అది విన్నాకే ఆదాముకు నిజమైన భయం పుట్టింది.

"నేనొచ్చిన విమానం ఇంకా ఇక్కడే ఉంది. వెనక్కెళ్ళిపోతా. మీ గురించి అమ్మ అడిగితే ఇంట్లో లేరని చెబుతాలెండి."

"బస్సు!" అని అరిచాడు ఆదాము. విశ్వాసులు అతన్ని ఒంటరిగా పంపడానికి ఒప్పుకోలేదు. ఆపదలో సహోదరుడికి తోడుండాలన్నది ఒక కారణం. తర్వాత ఏమవుతుందో చూడాలన్నది రెండోది. దమ్ము మీదున్న బిర్యానీ గిన్నెను ప్రేమయ్య గుడ్డలతో పట్టుకుని బస్సులోకి ఎక్కించాడు. జల్లాఖ్ ఉన్నది దీవికి ఈ పక్కన, ఎయిర్‌పోర్టు ఆ పక్కన. ప్రతి సిగ్నలు దగ్గరా ఆదాము లేచి నిలబడి "యల్లా భాయ్, యల్లా!" అని డ్రైవరును తొందరపెట్టాడు. ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు ఒక సలహా ఇచ్చారు. కాళ్ళమీద పడమన్నారు కొందరు. ముందు నువ్వే కోపం చూపించు, తగ్గుతుందన్నారు ఇంకొందరు. రూతమ్మ చెప్పినట్టు విని ఉంటే బాగుండేదని అందరూ అన్నారు.

బస్సు ఎయిర్‌పోర్టు ముందు ఆగుతుండగా నెత్తిమీద నుంచి ఒక విమానం పెద్ద చప్పుడుతో లేచి వెళ్ళింది. ఆదాము ఎండలో నిలబడి అది కనుమరుగయ్యేదాకా చూశాడు. అది బొంబాయి విమానం కాదని ప్రేమయ్య ఎంత చెప్పినా అతని చెవికెక్కలేదు. లోపల వెతికారు, బయట వెతికారు. బల్లల మీద, స్తంభాల చాటున, టాక్సీల దగ్గర, ఎక్కడా లూర్దుమేరి లేదు. పొద్దున్నుంచీ మొదటిసారి ఆదాముకు ఏ విషయం మీదా అభిప్రాయం లేకుండా పోయింది. బల్లమీద కూలబడి, తలపట్టుకున్నాడు.

"అన్నా, మళ్ళీ ఒకసారి ఆ మిషనుకి చేసి చూడు. ఇంకేమైనా చెప్పిందేమో," అన్నాడు ప్రేమయ్య.

చేశాడు. ఈసారి రిసీవరు చెవికి గట్టిగా అదుముకున్నాడు. కొత్త కబురు ఒకటుంది. గొంతు రూతమ్మది.

"వందనాలు తమ్ముడూ. బాగున్నావా? ఆరాధన బాగా జరిగిందా? ప్రసంగం చెప్పేసావా? ప్రేమయ్య బిర్యానీలో ఉప్పు సరిగా వేశాడా? సుందరికి జలుబు తగ్గిందా? నువ్వేమో అర నిమిషమే ఉంటుందన్నావు. క్షేమం అడక్కుండా విషయానికి రావడం నాకు చేతకాదు తమ్ముడూ, ఏమనుకోకు. ఇంతకీ విషయమేంటంటే, మీ ఆవిడ—"

కూత.

జరిగింది ఇది. ఊరి నుంచి గల్ఫుకు వచ్చే మనిషి సొంత సామానుతో రావడం ఎక్కడా లేదు. పెట్టెలో సగం ఇరుగుపొరుగువాళ్ళ పచ్చళ్ళే ఉంటాయి. లూర్దుమేరి పెట్టెలో రూతమ్మకు వాళ్ళ చెల్లెలు పంపిన గోంగూర పచ్చడి డబ్బా ఉంది. దాని మూత మీద డాక్టరుగారింటి ఫోను నంబరు అతికించి ఉంది. మొగుడు పలకనప్పుడు పచ్చడిడబ్బా దారి చూపించింది. రూతమ్మ మొదటిసారి మోగగానే ఫోనెత్తి, క్షేమం అడిగి, ఏడవొద్దని చెప్పి, డాక్టరుగారి కారు తీసుకుని వచ్చి ఆమెను తీసుకెళ్ళిపోయింది.

ఇదేమీ ఆదాముకు అప్పటికి తెలియదు. డాక్టరుగారింటికి ఫోన్ చేశాడు. అవతల ఎత్తగానే "అక్కా, నేను, ఆదాముని" అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత, మధ్యలో క్యాసెట్టు లేకుండా, లూర్దుమేరి గొంతు.

"నేను లూర్దుమేరిని. ఇప్పుడు ఇంట్లో లేను. కూత వినబడగానే మీ మాట చెప్పండి."

నాలుగుసార్లు విన్న మాటలు కదా, ఒక్క అక్షరం పొల్లుపోలేదు. మొదట్లో దగ్గింది కూడా. వెనక నుంచి రూతమ్మ నోటితో కూత పెట్టింది. "కూ..."

"లూర్దూ! బాగున్నావా? ప్రయాణం బాగా జరిగిందా? విమానంలో తినడానికేమైనా పెట్టారా? అత్తయ్య మోకాళ్ళెలా ఉన్నాయి? పెద్దన్నయ్య బాగున్నాడా? బొంబాయిలో ఒకటే వానలంట కదా—"

"కూ..." ఫోను పెట్టేశారు.

అప్పుడు గానీ ఆదాముకు తనేం చేశాడో బోధపడలేదు. ప్రేమయ్య ఇంకో నాణెం అందించాడు. మళ్ళీ అదే మాట, అదే దగ్గు, అదే కూత. ఈసారి ఆదాము క్షేమం అడగలేదు.

"లూర్దూ, తప్పు నాది. నాలుగేళ్ళుగా ఆ గది తాళం తీస్తే పలకరించే ప్రాణి లేదు. ఆ పెట్టె వచ్చాక, తలుపు తీయగానే ఎవరిదో ఒక గొంతు వినబడేది. అందుకే దాన్ని పట్టుకుని వేలాడాను. పదిమందికీ గొప్పలు చెప్పాను గానీ ఈ మాట మాత్రం చెప్పలేదు, సిగ్గేసింది. నువ్వొస్తున్నావని తెలిసిన దగ్గర్నుంచీ నాకు కంటి నిండా నిద్రలేదు. ఆకుపచ్చ తెర కొన్నా, నీకు నచ్చుతుందో లేదోనని రోజూ దాన్నే చూస్తూ కూర్చున్నా. వెళ్ళిపోకు లూర్దూ. నువ్వుంటే నాకు ఏ మిషనూ అక్కర్లేదు."

అర నిమిషం ఎప్పుడో దాటిపోయింది. కూత రాలేదు. ఎయిర్‌పోర్టులో అతని చుట్టూ మూగిన సహవాసమంతా రిసీవరు మీదికి వంగింది.

"కూత పెట్టరేంటి అక్కా?" అని అవతల లూర్దుమేరి మెల్లిగా అడగడం వినబడింది.

"నాకు చేతకావట్లేదమ్మా," అంది రూతమ్మ, ముక్కు చీదుకుంటూ.

కాసేపటికి లూర్దుమేరి గొంతు సవరించుకుంది. "రండి. వచ్చేటప్పుడు ఆ బిర్యానీ పట్రండి. పొద్దున్నుంచీ నేనేం తినలేదు. ఒక్క మాట మాత్రం ఇప్పుడే చెబుతున్నా. ఆ ఇంట్లో మీరైనా ఉండాలి, ఆ పెట్టైనా ఉండాలి."

శనివారం పొద్దున ఆదాము మిషనును గుడ్డలో చుట్టుకుని వెళ్ళి కఫీలు బల్లమీద పెట్టాడు. ఇది మన జనానికి పనికొచ్చే వస్తువు కాదనీ, తెప్పించిన సరుకంతా వెనక్కి పంపేయడం మంచిదనీ నిజాయితీగా చెప్పాడు. కారణమేమిటని కఫీలు గుచ్చి గుచ్చి అడిగితే, వచ్చిన అరబ్బీ, హిందీ అన్నీ కలిపి జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఉద్యోగం పోతుందనే అనుకున్నాడు. కఫీలు కళ్ళనీళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, ఆ కథను సూక్ బజారులో కనబడిన ప్రతి స్నేహితుడికీ చెప్పాడు. నెల తిరక్కుండా సరుకంతా అమ్ముడైపోయింది. రెండో ఓడకు ఆర్డరు పెట్టి, ఆదామును స్టోర్‌లోంచి తీసి అమ్మకాల్లో వేశాడు.

ఈ యంత్రాన్ని సమాజం ఇంత ఆదరంగా ఎందుకు అక్కున చేర్చుకుందన్న దానిమీద ఆదాము ఇప్పటికీ సహవాసంలో అభిప్రాయాలు చెబుతూనే ఉన్నాడు. కొన్నవాళ్ళలో బ్రహ్మచారి ఒక్కడూ లేడన్న సంగతి మాత్రం అతను ఎక్కడా ఎత్తడు.